సోఫాకి ఎంత? నెల్లూరులో నేను రేటు కట్టుకున్న తీరు

నెల్లూరులో సోఫా, కార్పెట్ క్లీనింగ్ చేసేవాళ్ళకు వచ్చే ఫోన్లలో మొదటి మాట దాదాపు ఒకటే: "సోఫాకి ఎంత తీసుకుంటారు?" అది ఏ గుడ్డ, ఎన్నేళ్ళ నాటిది, దాని మీద పడింది టీనా, పసిబిడ్డ పాలా, వాన నీళ్ళా, ఈ వివరాలేవీ ముందు రావు. అడిగేవాళ్ళను అనాల్సిన పని లేదు. కరెంటు స్తంభాల మీద, వాట్సాప్ గ్రూపుల్లో "సీటు 199 మాత్రమే" అని వేసుకుంటూ వచ్చింది మా పనివాళ్ళమే. అంకె చూపించి పిలిస్తే జనం అంకే అడుగుతారు. ఆ అంకె వెనక ఏముంటుందో నేను ఎలా లెక్క కట్టుకున్నానో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పని నేర్చుకున్నది కువైట్‌లో. ఒక క్లీనింగ్ కంపెనీలో హెల్పర్‌గా చేరి తర్వాత టెక్నీషియన్ అయ్యాను. అక్కడి సూపర్‌వైజర్ కేరళ ఆయన. ఇంట్లో అడుగు పెట్టగానే మిషన్ ప్లగ్గు పెట్టనిచ్చేవాడు కాదు. ముందు చూడాలి, గుడ్డ ఏదో తేల్చాలి, అప్పటికే ఉన్న మరకలూ చిరుగులూ ఫొటో తీయాలి, చేయబోయే పని కాగితం మీద రాసి ఇంటివాళ్ళ సంతకం తీసుకోవాలి. ఆ తర్వాతే నీళ్ళు. అమెరికాలో 1972లో మొదలైన ఐఐసీఆర్‌సీ అనే సంస్థ ఈ పనికి ప్రమాణాలు రాస్తుంది. నీళ్ళు చేరిన ఇళ్ళను బాగుచేసే పనికి ఎస్500 అనే ప్రమాణం 1994 నుంచీ ఉంది. అందులోని సంగతులన్నీ ఆయన మాకు హిందీలో పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

2018లో తిరిగొచ్చి, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్‌లో కిశోర్ అనే రకం కింద డబ్బు తీసుకున్నాను. గోరువెచ్చని నీళ్ళు చిమ్మి, వెంటనే మురికితో సహా వెనక్కి లాక్కునే ఎక్స్‌ట్రాక్షన్ మిషన్ ఒకటి, వాక్యూమ్ ఒకటి కొన్నాను. వేదాయపాళెంలో చిన్న రూము అద్దెకు దొరికింది. అప్పటికి నాకు తెలిసినవాళ్ళంతా సీటుకు 250 తీసుకుంటున్నారు. నేనూ ఆ రేటుకే దిగాను. పని ఉండేది, చేతిలో డబ్బు ఆడేది, కానీ బ్యాంకు వాయిదా తేదీ వచ్చేసరికి టెన్షన్. డబ్బు ఎటు పోతోందో తెలియక ఒక ఆదివారం నోటుబుక్కు ముందేసుకుని, ఐదు సీట్ల సోఫా సెట్టు ఒక్కదానికి లెక్క వేశాను.

మిషన్ 90,000. మూడేళ్ళు నడుస్తుందనుకుని, నెలకు 25 పనులు వస్తాయనుకుంటే 900 పనులు. అంటే ఒక్కో పనికి 100 రూపాయలు. బ్రష్షులు, పైపులు, రిపేర్లకు 30. షాంపూ, మరకల మందు, షాంపూ మిగలకుండా చివర్లో కొట్టే రిన్స్ కలిపి 110. ఆటోకు 150. హెల్పర్‌కు ఒక పూట కూలి 400. నా కూలి 600. రూము అద్దె, కరెంటు, ఫోను నెలకు 6,000, పనికి 240. మొత్తం 1,630. ఐదు సీట్లకు 250 చొప్పున నాకొచ్చేది 1,250. మిగతా 380 నా కూలిలోంచే పోతోంది. బ్యాంకు వడ్డీ ఇందులో కలపనే లేదు.

మరి 199కి చేసేవాళ్ళకు ఎలా గిట్టుతోంది? ఇది నన్ను చాలామంది అడిగారు. రెండు దారులు చూశాను. ఒకటి, పని తగ్గించడం. వాక్యూమ్ పెట్టరు. నిజానికి సోఫాలో, కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడి దుమ్మే. దాన్ని ముందు లాగెయ్యకుండా తడిపితే బురదవుతుంది. డ్రిల్లుకు బ్రష్షు తగిలించి నురుగు పట్టించి, పాత గుడ్డతో తుడిచేస్తారు. అప్పటికి మెరుస్తుంది. లోపల మిగిలిన షాంపూ జిగటగా ఉండి కొత్త దుమ్మును పట్టుకుంటుంది, నెల తిరిగేసరికి ముందుకంటే నల్లగా అవుతుంది. రెండో దారి, ఇంట్లోకి వచ్చాక రేటు పెంచడం. "ఈ మరకకు వేరే అవుతుందమ్మా, వాసన మందు వేరే, శానిటైజర్ వేరే" అంటూ 199 పిలుపును రెండు వేల బిల్లు చేస్తారు. సగం సోఫా తడిసి ఉన్నప్పుడు ఇంటావిడ వద్దనలేదు. ఈ రెండో దారే నాకు ఎక్కువ బాధ. మొదటిదాంట్లో పని పోతుంది, రెండోదాంట్లో మా అందరి మీద నమ్మకం పోతుంది.

నేను సీటుకు 400 చేశాను. వాక్యూమ్, మరకలు, ఎక్స్‌ట్రాక్షన్, రిన్స్ అన్నీ అందులోనే, వేరే ఒక్క రూపాయి ఉండదని కార్డు మీద అచ్చు వేయించాను. పిలుపులు తగ్గాయి. ఆ రెండు మూడు నెలలు ఇంట్లో ఇబ్బందిగానే గడిచింది.

మాగుంట లేఅవుట్‌లో ఒక పెద్దావిడ తలుపు దగ్గరే ఆపేసింది. "ఏంది నాయనా, పోయిన నెల వెయ్యికే చేసిపోయారే! నువ్వు రెండు వేలంటావు?" "పెద్దమ్మా, ఒక్క సీటు చేసి చూపిస్తా, నచ్చకపోతే అంతటితో పోతాను" అన్నాను. మిషన్‌లో నా షాంపూ పోయకుండా ఉత్త వేడినీళ్ళే పోసి ఆ సీటు మీద నడిపాను. వెనక్కి వచ్చిన నీళ్ళ ట్యాంకులో నురుగు పైకంటా లేచింది. "నేనింకా సబ్బు వేయలేదు పెద్దమ్మా, ఇదంతా పోయిన నెలదే" అని చూపించాను. ఆవిడ కాసేపు ట్యాంకులోకి చూసి, మిగతా సీట్లు కూడా చెయ్యమంది. డబ్బు తగ్గించమని మళ్ళీ అడగలేదు. అప్పటినుంచి రేటు గురించి మాటలతో వాదించడం మానేశాను. ట్యాంకు నీళ్ళు చూపిస్తే చాలు.

గుడ్డ తేల్చుకోవడం గురించి కాస్త చెప్పాలి. రేటులో పెద్ద తేడా వచ్చేది అక్కడే. ఈమధ్య సోఫాల కింద ట్యాగు మీద ఇంగ్లిష్ అక్షరాలు ఉంటున్నాయి. డబ్ల్యూ ఉంటే నీళ్ళతో చేయొచ్చు, ఎస్ ఉంటే నీళ్ళు తగలకూడదు, నీళ్ళు లేని సాల్వెంట్ మందుతోనే చేయాలి. ఎక్స్ ఉంటే వాక్యూమ్ తప్ప ఏదీ పనికిరాదు. ట్యాగు లేకపోతే కనపడని చోట ఒక పోగు తీసి కాల్చి చూస్తాను. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలిగితే ఉన్ని లేదా పట్టు. కరిగి గట్టి ఉండ కడితే సింథటిక్. తర్వాత తడి తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూస్తాను. ఇదంతా పావుగంట పని. ఈ పావుగంట పని ఫోన్‌లో జరగదు కదా, అందుకే ఫోన్‌లో ఆఖరి రేటు చెప్పను. "ఇంతనుంచి ఇంతలోపు ఉంటుంది, చూశాక కాగితం మీద రాసిస్తాను" అంటాను.

దర్గామిట్టలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింట్లో ఏలూరు తివాచీ ఉంది. ఏలూరులో తరతరాలుగా నేస్తున్న ఉన్ని తివాచీల సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ తక్కువ. వాళ్ళ నాన్నగారి కాలంలో కొన్నదట. ముదురు ఎరుపు మీద మీగడ రంగు పూలు. దాని మీద కాఫీ ఒలికింది. అంతకుముందు ఒకాయన ఫోటో చూసి 500కి ఇంట్లోనే కడిగేస్తానన్నాడట. నేను తెల్లగుడ్డ అద్దితే ఎరుపు దిగింది. మామూలు షాంపూకు క్షారగుణం ఎక్కువ, ఉన్నికి అది పడదు. వేడినీళ్ళూ పడవు. పైగా ఉన్ని చాలా నీళ్ళు తాగినా చేతికి తడి తెలియనివ్వదు, పైన ఆరిందనుకుంటే అడుగున పోగులు తడిగానే ఉంటాయి. మెల్లగా ఆరితే అడుగునుండే నూలు పోగుల్లోంచి గోధుమరంగు పైకి ఎక్కుతుంది.

నేను 3,000 చెప్పాను. రూముకు తీసుకెళ్ళాలి, ముందు రెండు వైపులా దుమ్ము కొట్టాలి, ఉన్నికి పనికొచ్చే మందుతో చన్నీళ్ళలో తక్కువ తడితో చేయాలి, రంగు కదలకుండా పులుపు గుణమున్న రిన్స్ కొట్టాలి, ఎండలో కాకుండా నేల మీద పరిచి ఫ్యాన్ల కింద ఆరబెట్టాలి. ఇవన్నీ వరుసగా రాశాను. అడుగున ఇంకో మాట కూడా రాశాను: "కాఫీ మరక పూర్తిగా పోతుందని హామీ లేదు. ఎరుపు కొద్దిగా దిగే అవకాశం ఉంది." ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివారు. "పోదని కూడా నువ్వే రాసిస్తున్నావే!" అన్నారు. "అవును సార్, అది తెలిసే మీరు ఇవ్వాలి" అన్నాను. మరక ఛాయ మిగిలింది, తివాచీ మాత్రం తేరుకుంది. ఆయన పంపిన ఇళ్ళలో ఇప్పటికీ పని చేస్తున్నాను. పోదని ముందే చెబితే పని చేజారుతుందని మావాళ్ళు భయపడతారు. నాకు పని తెచ్చిపెట్టింది ఆ వాక్యమే.

2021 నవంబర్‌లో వచ్చిన పని వేరు. 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు పెన్నలో కలిశాయి, సోమశిల నుంచి వదిలిన వరద నెల్లూరు మీదికి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి రైళ్ళు ఆగాయి. హైవే మీద కూడా రాకపోకలు నిలిచాయి. ఏటి ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు చేరాయి. నీళ్ళు తీశాక మిగిలింది బురద, వాసన.

ఎస్500లో నీళ్ళను మూడు రకాలుగా విడదీస్తారు. కుళాయి పైపు పగిలో, మంచినీళ్ళ ట్యాంకు పొర్లో వచ్చేవి మొదటి రకం. వాషింగ్ మిషన్ వదిలిన నీళ్ళలాంటివి రెండో రకం. మురుగు, ఏటి వరద మూడో రకం. మొదటి రకం నీళ్ళు కూడా తీయకుండా వదిలేస్తే రోజులు గడిచేకొద్దీ కింది రకంలోకి దిగిపోతాయి. తడిసినవి ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. మూడో రకం నీళ్ళు పీల్చుకున్న పరుపులు, కార్పెట్లు, స్పాంజీలు కడిగి వాడుకునేవి కావు, పారేయాల్సిందే. మా పనిలో జనానికి చెప్పడానికి అన్నిటికంటే కష్టమైన మాట ఇది.

వెంకటేశ్వరపురంలో ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, కొత్త పరుపు, ఆర్నెల్లు కూడా కాలా. వెయ్యి ఎక్కువైనా ఇస్తా, కడిగియ్యి." అది పిల్లలు పడుకునే పరుపు. వద్దన్నాను. మంచం, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు సామాను కడిగించి, గోడలు నేలా మందు కొట్టి ఇచ్చాను. పరుపు మాత్రం ఇంకెవరో తీసుకుని నురుగు పట్టించి, సెంటు కొట్టి, 1,500 తీసుకుని పోయారు. కొన్నాళ్ళకు కుట్ల వెంబడి నల్లబూజు వచ్చిందని ఆయనే ఫోన్ చేశాడు. ఎవరు చేశారో నేను అడగలేదు. తెలియక చేసి ఉంటే నేర్పాలి. తెలిసి చేసి ఉంటే మాత్రం అది దోపిడీ.

ఆ వారం రేట్ల సంగతి. నీళ్ళు తోడటానికి ఇంటికి ఐదు వేలు అడిగినవాళ్ళను నా కళ్ళతో చూశాను. నా రేట్లు ఇవి: బురద ఎత్తి కడగడానికి చదరపు అడుగుకు 8, పంపు గంటకు 300, పెద్ద ఫ్యాను రోజుకు 150. వరద రోజుల్లో కూలి పెరిగింది, ఆటో ఛార్జీ రెట్టింపయింది. ఆ పెరిగిన మేరకు కలిపి, ఎంత కలిపానో బిల్లులో విడిగా చూపించాను. ఖర్చు పెరిగినందుకు రేటు పెంచితే ఎవరూ తప్పు పట్టరు. ఎదుటివాడికి వేరే దిక్కు లేదని పెంచితే దాన్ని వ్యాపారమనడానికి నాకు నోరు రాదు. ఇవ్వలేనివాళ్ళకు పంపు, పారలు ఇచ్చి వెళ్ళాను. బురద వాళ్ళే ఎత్తుకున్నారు.

ఆరబెట్టడం గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మనకు పెద్ద వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పుడు బయటి గాలే తేమతో ఉంటుంది. కిటికీలు తీసి పెడితే ఇల్లు ఆరదు, ఇంకా చెమ్మెక్కుతుంది. ముసురు ఉన్నన్నాళ్ళూ కిటికీలు మూసి, తేమ లాగే డీహ్యుమిడిఫయర్ పెట్టాలి. అది లేనివాళ్ళు ఏసీని డ్రై మోడ్‌లో నడిపి ఫ్యాన్లు వేయాలి. అయితే ముందు మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ బోర్డులు చూసి సరే అన్నాకే ఏదైనా ఆన్ చేయాలి. గోడ చేతికి పొడిగా తగిలినా లోపల తడి ఉంటుంది, తొందరపడి రంగు వేయిస్తే పొట్టు రాలుతుంది. ప్లైవుడ్ బీరువాల అడుగు భాగం ఇంకా మోసం. అందుకే తేమ మీటరు కొన్నాను. మొదటి రోజు, మధ్యలో, చివర్లో రీడింగ్ రాసి ఇంటివాళ్ళకు చూపిస్తాను. ఫ్యాన్లు ఇంకో రోజు ఎందుకు ఉంచాలో, లేదా ఎందుకు తీసేయొచ్చో ఆ అంకెలే చెబుతాయి. రోజు అద్దె కోసం ఫ్యాన్లు వదిలేశాడనే అనుమానానికి చోటుండదు.

మీటరు కొన్నాక, ఇంటికొచ్చి చూసి చెప్పినందుకు చూపు ఛార్జీ అని 500 పెట్టాను. పని నాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాను. దీనికి ఎదురైనంత గొడవ దేనికీ ఎదురవలేదు. "చూసినందుకు కూడా డబ్బులా?" అంటారు. డాక్టరు మందు రాయకుండా పంపినా ఫీజు ఇస్తాం కదా అన్నాను ఒకరిద్దరితో. నిజానికి కొన్ని ఇళ్ళలో నేను చెప్పే మాట "మీకు నా పని అవసరం లేదు, ఏసీ డ్రెయిన్ పైపు బాగుచేయించి రెండు రోజులు ఫ్యాన్ వేయండి" అన్నదే. చూసినందుకు ఏమీ రాకపోతే ఆ మాట చెప్పడం ఏ పనివాడికైనా కష్టమే. పని కల్పించుకోవాలనిపిస్తుంది.

కాగితం విలువ నాకు బాగా తెలిసింది 2023 డిసెంబర్‌లో, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు. స్టోన్‌హౌస్‌పేటలో ఒక షాపు గోడౌన్‌లోకి వాన నీళ్ళు వచ్చాయి. వాళ్ళ ఫైర్ ఇన్సూరెన్స్ పాలసీలో తుపాను, వరద కూడా ఉన్నాయి. యజమాని కంగారుగా అన్నీ బయట పారేయబోతుంటే ఆపాను. "అన్నా, ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా ఏదీ పారేయొద్దు. తడిసిన చోట, నీళ్ళ గుర్తు గోడ మీద ఎంత ఎత్తు ఉందో అక్కడ, ప్రతి వస్తువూ ఫోటో తీయండి." నా బిల్లులో ఎన్ని చదరపు అడుగులు, పంపు ఎన్ని గంటలు, ఫ్యాన్లు ఎన్ని రోజులు, మందు ఎంత, తేదీలతో సహా రాశాను, రీడింగులు జత చేశాను. సర్వేయర్ దాన్ని అలాగే తీసుకున్నారు. పక్క షాపులో ఇంకొకరు ఇచ్చిన బిల్లులో ఉన్నది ఒకటే లైను: క్లీనింగ్ ఛార్జీలు 18,000. దేనికెంతో చెప్పమని ఆ షాపాయన్ను మళ్ళీ మళ్ళీ తిప్పారు. క్లీనింగ్ చేసినవాడు పని బాగానే చేశాడు పాపం, బిల్లు రాయడమే రాలేదు.

ఆఫీసులవాళ్ళు జీఎస్టీ బిల్లు అడుగుతారు. సేవలకు ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నంబరు లేనివాళ్ళు బిల్లులో 18 శాతం వేసి వసూలు చేయడం తప్పు, అలా చేసేవాళ్ళు ఉన్నారు. నాకు నంబరు లేనంతకాలం లేదనే చెప్పాను. కొన్ని ఆఫీసు పనులు పోయాయి.

నిజం చెప్పాలంటే మన ఇళ్ళలో కార్పెట్లు తక్కువ. గ్రానైటు, టైల్సు ఉన్నచోట వాటి అవసరమూ లేదు. కార్పెట్ పని ఎక్కువగా ఉండేది హోటళ్ళ మీటింగ్ హాళ్ళలో, కల్యాణ మండపాల్లో, మసీదుల్లో. రంజాన్‌కు ముందు ఒక మసీదు కమిటీ పిలిచింది. రోజుకు ఐదు పూటల నమాజు, హాలు తడిగా ఉండటానికి లేదు. ఎక్స్‌ట్రాక్షన్ చేస్తే ఆరడానికి చాలా గంటలు పడుతుంది. రాత్రి ఇషా నమాజు అయ్యాక మొదలుపెట్టి, తక్కువ తడితో మందు పట్టించి, ఆరాక మురికి పొడిగా రాలితే వాక్యూమ్‌తో లాగే పద్ధతిలో చేశాం. తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకు హాలు సిద్ధం. ఈ పద్ధతికి టైమూ నీళ్ళూ తక్కువ పడతాయి కనుక చదరపు అడుగుకు 5 మాత్రమే చెప్పాను. కమిటీ పెద్దాయనకే అనుమానం వచ్చింది. "ఏం భాయ్, హోటల్‌కు 9 చెప్పావంట, మాకు 5కి చేస్తే పని తగ్గిస్తావా?" అన్నారు. పద్ధతి వేరని, లోతుగా ఇంకిన మురికి దీంతో పోదని, ఏడాదికోసారి ఎండాకాలంలో పూర్తిగా కడిగించుకుంటే మంచిదని చెప్పాను. మే నెలలో ఆ పని కూడా నాకే ఇచ్చారు, 9 రూపాయలకే.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఒంగోలులో సొంతంగా పెట్టుకున్నాడు. వెళ్ళేముందు "అన్నా, నీ రేట్ల కాగితం ఇయ్యి, అదే పెట్టుకుంటా" అన్నాడు. కాగితం ఇవ్వలేదు, నోటుబుక్కులోని ఆ ఆదివారం పేజీ జిరాక్స్ తీసి ఇచ్చాను. ఒంగోలు అద్దెలు వేరు, వాడు కొన్నది సెకండ్ హ్యాండ్ మిషన్, కింది అంతస్తులో ఇల్లు కాబట్టి రూము అద్దె కొంత కలిసొస్తుంది. కూర్చుని లెక్క వేస్తే వాడికి సీటుకు 350 తేలింది. ఆ 350లో తన కూలి రాయడం మర్చిపోయాడు. మళ్ళీ వేయించాను, 430 వచ్చింది. ఇప్పుడు దానికే చేస్తున్నాడు. వారానికి రెండు మూడు పిలుపులు రేటు విని పెట్టేస్తున్నారని ఫోన్‌లో చెప్పాడు.